గొంగడ్ల మూటతోటి కెరమెరి గుట్టల్లకు

ఇంకింత దగ్గరికి జరుగుండ్రి బిడ్డా, ఆ తుమ్మమొద్దు ఇప్పుడిప్పుడే రాజుకుంటున్నది. పొద్దటి సంది ఒకరు అరకు అంటున్నరు, ఒకరు ఊటీ అంటున్నరు, సెల్లుల బొమ్మలు చూసుకుంట కొట్లాడుతున్నరు. అవి గూడ మంచియే, పోవద్దని అంటలేను. గని మన సిద్దిపేటల పొద్దున బస్సెక్కితె మాపటికి చేరే గుట్టలున్నయి. ఆ గుట్టల నడుమ లోయలున్నయి, ఆ లోయలల్ల ఊర్లున్నయి. ఉట్నూరు, జైనూరు, కెరమెరి. మీ అందరిల ఒక్కరి నోట గూడ ఆ పేర్లు రాకపాయె. నాకు పానం ఉండబట్టక చెప్తున్న, ఇనుండ్రి.

మా నాయిన గొంగడ్లు నేసేటోడు. నల్లగొర్ల ఉన్ని కత్తిరించి, ఏకి ఇస్తె మా అమ్మ వడికేది. నాయిన గుంత మగ్గం మీద నేసేటోడు. ఆఖర్న చింతగింజల గంజి వెట్టి రుద్దితె గొంగడి బిర్రుగ తయారయ్యేది. దాన్ని కుచ్చె వెట్టుకోని వానల నిలవడ్డా మనిషి తడవకపోయేటోడు. సంకురాత్రి సంది ఉగాది దాంక మన కొమురెల్లి మల్లన్న జాతరల కొన్ని అమ్ముడువోయేవి. మిగిలినయి మూటలు గట్టి మా మేనమామ పుష్యమాసం అమాసకు కేస్లాపూర్ నాగోబా జాతరకు తీస్కపోయేటోడు. నాకు మీసాలు మొలిచినప్పటి సంది నేను గూడ ఆయన ఎంబడి పోతుంటి. ఇది 1970లల్ల ముచ్చట. గప్పుడు మనది మెదక్ జిల్లా, వాల్లది ఆదిలాబాద్ జిల్లా. జిల్లాలు ముక్కలయ్యింది 2016ల గద.

సిద్దిపేట కాడ బస్సెక్కి కరీంనగర్, అక్కన్నుంచి ఇంకో బస్సు. గోదారి దాటి లక్సెట్టిపేట, జన్నారం. జన్నారం దాటినంక రోడ్డుకు రెండు దిక్కుల టేకు చెట్లే. నడుమ నడుమ మద్ది, ఇప్ప, మొర్రి, తునికి. బస్సుల కూసున్నోల్లందరు మాటలు బందుజేసి కిటికీలకెల్లి చూసేటోల్లు. ఇప్పుడు గా అడివిని కవ్వాల్ అంటరు, 2012ల పులుల కోసమని సర్కారు పక్కకు పెట్టింది. ఉట్నూరు చేరెటాల్లకు పొద్దుగూకేది. మల్ల తెల్లారి ఎడ్లబండ్ల మీదనో, కాలినడకనో. ఆ సలి ఎట్లుంటది అనుకుంటున్నరు? మన దిక్కు ఇంత సలి ఎన్నడు వెట్టదు. సిర్పూర్ దిక్కు, గిన్నెదరి దిక్కు కొన్నేండ్లు 5 డిగ్రీల కిందికి దిగుతది. అందుకే మా మామ అంత దూరం మూటలు మోసింది. అక్కడ గొంగడికి బేరమాడేటోడు ఉండకపోయేది, చేతికి తీస్కోని కప్పుకోని పోయేటోడు.

ఆ నేల గురించి చెప్పాలె మీకు. అవి సహ్యాద్రి గుట్టల తోక, సత్మాల గుట్టలంటరు. మన దిక్కు గుట్టలు ఒక్కొక్కటి బండరాయి తీర్గ ఇడిగ నిలవడ్తయి. అక్కడట్ల కాదు, ఒకదాని ఎనక ఒకటి పొంటె పొంటె పోతయి. జైనూరు దాటి ఆసిఫాబాద్ దిక్కు పోతుంటె కెరమెరి ఘాట్లొస్తయి. రోడ్డు మెలికలు తిరుక్కుంట కిందికి దిగుతది. మీదికెల్లి చూస్తె కింద జొన్న చేన్లు, పత్తి చేన్లు, నడుమ నడుమ పది పదిహేను ఇండ్ల గూడాలు. పొద్దుగాల పొగమంచు ఆ లోయల నిండుగ కూసుంటది. ఎండ ముదిరినంక గని ఊర్లు బయటవడవు. వానకాలం అయినంక పోతె లింగాపూర్ మండలంల మిట్టె జలపాతం చూడాలె, సప్తగుండాలు అంటరు, మెట్లు మెట్లుగ దిగుతది. నీల్లు సూడనీకి పోయేటోల్లకు అది. నేను పోయింది మనుషుల కాడికి.

నాగోబా గోండుల మెస్రం వంశపోల్ల దేవుడు. పుష్యమాసంల నెలవంక కనవడంగనే వాల్ల పనులు షురువయితయి. సిరికొండ కుమ్మరులకు కుండలు చెయ్యమని చెప్పివస్తరు. గోదారి నీల్ల కోసం జన్నారం మండలం కలమడుగు కాడ ఉన్న హస్తినమడుగుకు పోతరు. ఎట్ల పోతరు? చెప్పులు లేకుంట, నడుసుకుంట. తెల్ల బట్టలు గట్టుకోని, ఝరి అనే చెంబు ఎంబడి, ఊరూరు ఆగుకుంట, అడివిల వండుకోని తినుకుంట. వచ్చేటప్పుడు గూడ నడకనే. ఇప్పుడు తారురోడ్లు వడ్డయి, జీపులున్నయి, వాల్ల ఇండ్లల్లనే మోటర్లున్నయి. అయినా గోదారి నీల్లు బండి ఎక్కవు. ఇంద్రవెల్లి ఇంద్రాయి దేవర కాడ మొక్కుకోని, కేస్లాపూర్‌ల మర్రిచెట్టు కింద దిగి, అమాస దాంక అక్కన్నే ఉంటరు. అమాస రాత్రి ఆ నీల్లతోటి నాగోబాకు పూజ.

మా మామకు ఆ మర్రిచెట్టు పక్కపొంటి జాగ ఇచ్చేటోల్లు. అందుకే నాకు కండ్లార చూసే యోగం దొరికింది. మెస్రమోల్లు వేల మంది వస్తరు. గని వంటకు పొయ్యిలు మాత్రం 22. ఎక్కువ పెట్టరు, తక్కువ పెట్టరు. ఏ కుటుంబం ఏ పొయ్యి మీద వండుకోవాలెనో తాతల నాటి సంది లెక్కున్నది. వాల్ల మంది పెరిగిన్రు, పొయ్యిలు పెరగలె. ఒకరు వండుకోని లేస్తె ఇంకొకరు కూసుంటరు. తన్లాట లేదు, లొల్లి లేదు. ఒక ముసలామెను అడిగిన, ఇట్ల ఎట్ల సాధ్యమయితది అవ్వా అని. ఆమె నా దిక్కు చూసి నవ్వింది, చేతిల గటుక గిన్నె పెట్టింది.

భేటింగ్ గురించి చెప్తె మీకు నమ్మబుద్ది గాదు. ఆ ఏడు మెస్రం ఇండ్లల్లకు వచ్చిన కొత్త కోడండ్లు తెల్లచీరలు గట్టుకోని, ముసుగు ఏసుకోని వస్తరు. పెద్దమనుషులైన ఆడోల్లు వాల్లను దేవుని ముంగట నిలవెట్టి పరిచయం చేస్తరు. అటెనుకనే ఆ పిల్ల ఆ వంశంల మనిషి అయినట్టు. దేవుని పూజ చేసే హక్కు గప్పటి సంది. పెండ్లి ఎక్కడ, ఎంత ఘనంగ అయిందన్నది లెక్కకు రాదు. అడివిల పుట్టినా, పట్నంల సదువుకున్నా, వచ్చి నిలవడాలె. నేను చూసిన పిల్లలల్ల ఒకామె ఏడ్సుకుంట మొక్కింది. దేనికేడ్సిందో నాకు ఎరుకలే. ఆమె ఎంబడి వచ్చిన పెద్దామె గూడ కండ్లు తుడుసుకున్నది.

రాత్రయినంక మంటల కాడ కథలు. మనకు మల్లన్న కథ చెప్పనీకి ఒగ్గోల్లు ఉంటరు గద, పట్నం ఏసి, డోలు కొట్టి, మేడలమ్మ కేతమ్మల కథ తెల్లారేదాంక చెప్తరు. గోండులకు అట్లనే పర్ధానులు ఉంటరు. వాల్ల చేతిల కీక్రి, తీగెల వాయిద్యం, విల్లుతోటి వాయిస్తరు. దేవుండ్ల కథలు, వంశాల కథలు అన్ని వాల్ల నోట్లనే ఉంటయి. నాకు గోండి రాదు. మా మామకు సంతల తిరిగి తిరిగి కొంచెం వస్తుండె, చెవుల చెప్తుంటె నేను ఇనేటోన్ని. మనోల్లు మల్లన్న కథల తాళం తప్పితె ఎట్ల ఊకోరో, వాల్లు గూడ అట్లనే. పర్ధాను ఒక్క పేరు మరిచిపోతె పది మంది నోరు తెరిచేటోల్లు.

గా మంటల కాడనే జోడేఘాట్ ముచ్చట మొదటిసారి ఇన్న. కుమురం భీము పేరు గప్పట్ల మా బడి పుస్తకాలల్ల లేదు. ఒక గోండు పెద్దాయిన చెప్పిండు. పోడు కొట్టుకున్న భూముల మీద నిజాం అడివి జవాన్లు పడి పంట గుంజుకపోయేటోల్లు, పశువులకు పన్ను, కట్టెకు పన్ను. భీము 12 ఊర్లను ఒక్కటి జేసి, మా ఊర్లు మాకే ఇయ్యుండ్రని నిలవడ్డడు. 1940ల జోడేఘాట్ గుట్ట మీద నిజాం పోలీసులు కాల్చిన్రు. ఆయన ఎంబడి ఇంకా చాల మంది పోయిన్రు. ఆ పెద్దాయిన తేదీ చెప్పలె. ఆశ్వయుజ పున్నం అని చెప్పిండు. ఈ రోజుకు గూడ ఆ పున్నం నాడే జోడేఘాట్‌ల వర్ధంతి చేస్తరు. హట్టి కాడ రోడ్డు మలిగి గుట్టెక్కాలె. ఇప్పుడు మీద భీము బొమ్మ ఉన్నది, మ్యూజియం కట్టిన్రు. నేను మొదటిసారి పోయిననాడు ఎడ్లబాట తప్ప ఏం లేకుండె.

భీము పోయినంకనే సర్కారుకు సోయి వచ్చి, గోండుల గోస ఏందో చూసి చెప్పుమని మనిషిని పంపింది. హైమన్‌డార్ఫ్ అని ఆస్ట్రియాల పుట్టిన పండితుడు, ఆయన భార్య బెట్టి, ఇద్దరు జైనూరు పక్కకున్న మార్లవాయిల గుడిసె ఏసుకోని ఉన్నరు. గోండుల బతుకు మీద ఆయన రాసిన పెద్ద పుస్తకం 1948ల అచ్చయింది. రాసుడొక్కటే కాదు, భూములకు పట్టాలు ఇప్పియ్యనీకి నిజాం సర్కారు తోటి కొట్లాడిండు. 1940లల్లనే మార్లవాయిల గోండు పిల్లగాండ్లకు బడి, పంతుల్లకు శిక్షణ షురువయినయి. నాగోబా జాతరల దర్బారు అని ఉన్నది చూడు, ఆఫీసర్లు కింద కూసోని అడివోల్ల గోస ఇనుడు, అది గూడ ఆయన పెట్టించిందే. బెట్టి 1987ల హైదరాబాద్‌ల పోయింది, మార్లవాయిలనే సమాధి చేసిన్రు. ఆయన 1995ల లండన్‌ల పోతె అస్థికలు తెచ్చి ఆమె పక్కనే పెట్టిన్రు. ఏ దేశం మనుషులు, ఏ ఊరి మట్టి! జనవరి 11న ఊరోల్లు ఇప్పటికి దండ ఏసి మొక్కుతరు.

ఇంకొక ముచ్చట చెప్పకపోతె నేను అబద్దమాడినట్టు. 1981 ఏప్రిల్ 20. ఇంద్రవెల్లి సంత దినం. భూముల కోసం సభ పెట్టుకుంటె పోలీసులు కాల్చిన్రు. సర్కారు లెక్క 13 మంది. ఆ దిక్కు ఊర్లల్ల ఎవల నడిగినా అంతకంటె శానా ఎక్కువనే చెప్తరు. మరుసటేడు మేము జాతరకు పోతె మా దగ్గర ఎప్పుడు గొంగడి కొనే ఒక ఇంటోల్లు రాలె. మా మామ అడిగిండు. అక్కడున్నాయిన ఏం చెప్పకుంట తల అడ్డం ఊపిండు. ఆ ఏడు మామ మిగిలిన గొంగడ్లు ఇంటికి తేలె, అక్కన్నే పంచి వచ్చిండు. ఇంద్రవెల్లిల ఇప్పుడు స్తూపం ఉన్నది. దాని ముంగటికెల్లి పోతె దిగి దండం పెట్టుండ్రి.

గొంగడ్లు నేసేటోల్లు తక్కువైన్రు, మామ పోయిండు, నేను గూడ చాలా ఏండ్లు అటు దిక్కు పోలె. మొన్న మొన్న మీ పెద్దనాయిన కారుల తీస్కపోతె నాకు అన్ని కొత్తగ కనవడ్డయి. నాగోబాకు రాతి గుడి కట్టిన్రు. సుమారు 5 కోట్ల ఖర్చు. ఎవ్వల చేతుల దిక్కు చూడలే, మెస్రం ఇండ్లోల్లే పంటల మీది పైసలు పోగేసి కట్టుకున్నరు, 2022 డిసెంబర్‌ల తలుపులు తెరిచిన్రు. నార్నూర్ మండలం గుంజాలల పాత రాతలు దొరికినయి, గోండి భాషకు సొంత లిపి ఉన్నదని లోకానికి తెలిసింది. 2018ల అది యూనికోడ్‌ల గూడ చేరింది, అంటె మీ సెల్లుల రాసుకోవచ్చు. మార్లవాయి కనకరాజుకు గుస్సాడి ఆటకు 2021ల పద్మశ్రీ ఇచ్చిన్రు. ఆయన 2024 అక్టోబర్‌ల పోయిండు. గుస్సాడి అంటె దీపావళి ముంగట ఆడేది. నెమలీకల టోపి, పెయ్యికి బూడిద, చేతిల కట్టె. ఆ దినాలన్ని గుస్సాడి ఏసినోడు తానం చెయ్యడు, నేల మీదనే పండుకుంటడు. ఒక ఊరి దండారి, అంటె ఆ ఆట గుంపు, ఇంకో ఊరికి పోతె ఆ ఊరోల్లు అందరికి వండిపెట్టాలె. అట్ల పోయినకాడనే పిల్లకు పిల్లగాడు కుదిరేది.

అందుకే మీకు చెప్తున్న. ఆ లోయను గుట్టలు చూడనీకి పోతె సగమే కనవడ్తది. వాల్ల పండుగకు, వాల్ల నెలకు, వాల్ల పున్నానికి పోతె మొత్తం కనవడ్తది. జనవరిలనో ఫిబ్రవరి మొదట్లనో పుష్య అమాస వస్తది, పంచాంగం చూడుండ్రి. దీపావళికి దండారి, అంతకు ముంగటి పున్నానికి జోడేఘాట్. ఆసిఫాబాద్ కాడి కేస్లాగూడల, జైనూరు కాడి ఉషేగావ్‌ల ఓజోల్లు ఇత్తడి బొమ్మలు పోస్తరు, మైనంతోటి అచ్చు తీసి. కొంటె వాల్ల ఇంటి ముంగటనే కొనుండ్రి, బేరమాడకుండ్రి. పూజల ఉన్నోల్లను, ముసుగేసుకున్న కోడండ్లను ఫోటోలు తియ్యకుండ్రి. ఎవలన్న ఎదురైతె రాం రాం అనుండ్రి, మీరు అనకముందే వాల్లంటరు. గిలాసలు, సీసలు అడివిల పారేయకుండ్రి. వచ్చే పుష్యమాసానికి సెలవులు ఇప్పుడే పెట్టుకోండ్రి, ఊటీ ఎక్కడికి పోదు. నాకు ఒంట్ల సత్తువ ఉంటె నేను గూడ ఎంబడి వస్త.