ఒక ఫైర్‌వాల్, రెండు ఇంటర్నెట్ దారులు: ఏ నెట్‌వర్క్‌ను ఎటు పంపాలి?

దక్షిణ అండమాన్‌లోని ప్రోతరాపూర్‌లో ఒక చిన్న లాడ్జి ఉందనుకుందాం. బిల్లింగ్ కౌంటర్, లెక్కల కంప్యూటర్లు ఒక నెట్‌వర్క్. గదుల్లో దిగినవారి వైఫై మరో నెట్‌వర్క్. రెండు కంపెనీల ఫైబర్ కనెక్షన్లు ఉన్నాయి. అతిథులు వీడియోలు చూస్తున్నంత మాత్రాన కౌంటర్‌లో యూపీఐ చెల్లింపు ఆగిపోకూడదు. అందుకోసం ఆఫీసును ఒక కనెక్షన్‌కు, వైఫైని రెండోదానికి కట్టేయాలి. దీన్నే పాలసీ రూటింగ్ అంటారు.

మామూలు రూటింగ్‌తో తేడా ఏమిటి?

మామూలుగా రూటర్ డేటా ఎక్కడికి వెళ్లాలో చూసి దారి ఎంచుకుంటుంది. పాలసీ రూటింగ్‌లో అది ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూస్తుంది. పీఎఫ్‌సెన్స్, మైక్రోటిక్, ఫోర్టిగేట్, లైనక్స్ అన్నింటిలోనూ ఈ సౌకర్యం ఉంది. మెనూలే వేరు.

ఎలా అమర్చాలి?

1. రెండు నెట్‌వర్క్‌లకు వేర్వేరు చిరునామాలివ్వాలి. ఉదాహరణకు ఆఫీసుకు 192.168.10.0/24, అతిథులకు 192.168.20.0/24. ఒకే స్విచ్ ఉంటే వీల్యాన్‌లతో విడదీయాలి.
2. ప్రతి కనెక్షన్‌కూ ఫైర్‌వాల్‌లో ఒక గేట్‌వే ఉండాలి.
3. ఆఫీసు నుంచి వచ్చేది మొదటి గేట్‌వేకు, వైఫై నుంచి వచ్చేది రెండోదానికి వెళ్లేలా నిబంధనలు రాయాలి. బ్యాంకు లేదా ప్రభుత్వ పోర్టల్ నమోదైన ఐపీనే అనుమతిస్తే, ఆ స్థిర ఐపీ ఉన్న కనెక్షన్ ఆఫీసుకే ఉండాలి.
4. రెండు కనెక్షన్లకూ నాట్ ఉందో లేదో చూడాలి. అది లేకపోతే వెళ్లిన డేటాకు జవాబు తిరిగి రాదు.

పీఎఫ్‌సెన్స్‌లో ఒక ఇంటర్‌ఫేస్ నిబంధనలు పై నుంచి కిందికి చదువుతారు. మొదట సరిపోయినదే అమలవుతుంది. కాబట్టి ఆఫీసు నుంచి లోపలే ఉన్న వేరే నెట్‌వర్క్‌లోని ప్రింటర్‌కు వెళ్లాల్సినవి ఉంటే, గేట్‌వే లేని నిబంధన అన్నిటికంటే పైన పెట్టాలి. లేదంటే ప్రింటర్‌కు పంపిన కాగితం కూడా ఇంటర్నెట్ వైపే వెళ్తుంది. అతిథుల వైపు నుంచి ఆఫీసుకు వెళ్లే దారిని మాత్రం మూసేయాలి.

సముద్రంలో తీగ ఒకటే అయితే?

చెన్నై నుంచి అప్పటి పోర్ట్ బ్లెయిర్‌కు, మరికొన్ని దీవులకు సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్‌ను 2020 ఆగస్టు 10న ప్రారంభించారు. అంతకుముందు దీవులు ప్రధానంగా ఉపగ్రహాలపైనే ఆధారపడేవి. బిల్లులు రెండు కంపెనీలవైనా, సముద్రం దాటించేది ఒకే కేబుల్ కావచ్చు. ఫైర్‌వాల్‌లో దారులు విడదీసినంత మాత్రాన అవి సముద్రంలో విడిపోవు. కనెక్షన్ తీసుకునే ముందే ఈ విషయం కంపెనీని అడగాలి. నిజమైన రెండో దారి కావాలంటే ఉపగ్రహ లింక్ ఉండాలి. ఇది ఖరీదైనది, సామర్థ్యం తక్కువ. కనుక ఆఫీసుకే కేటాయించాలి.

ఇక్కడ జరిగే మూడు పొరపాట్లు

- ఫైర్‌వాల్ సాధారణంగా కంపెనీ గేట్‌వేకు పింగ్ పంపి కనెక్షన్ బాగుందో లేదో చూస్తుంది. ఆ గేట్‌వే దీవిలోనే ఉంటే, కేబుల్ తెగినా జవాబు వస్తూనే ఉంటుంది. పర్యవేక్షణ చిరునామా కేబుల్‌కు అవతలిది కావాలి, ప్రతి లింక్‌కూ వేర్వేరుగా ఉండాలి.
- భూస్థిర ఉపగ్రహం సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. పింగ్‌కు జవాబు రావడానికి అర సెకను దాటడం మామూలే. పీఎఫ్‌సెన్స్‌లో గరిష్ఠ ఆలస్యం పరిమితి మొదట 500 మిల్లీసెకన్లుగా ఉంటుంది. దాన్ని పెంచకపోతే బాగున్న ఉపగ్రహ లింక్‌ను కూడా పనిచేయనిదిగా లెక్కిస్తుంది.
- పీఎఫ్‌సెన్స్‌లో గేట్‌వే ఆగితే, ఆ నిబంధన గేట్‌వే లేకుండానే అమలై డేటా డిఫాల్ట్ దారిలోకి పోతుంది. అప్పటికి డిఫాల్ట్ దారి ఉపగ్రహమే అయితే, అతిథుల వీడియోలన్నీ దానిమీద పడతాయి. 'స్కిప్ రూల్స్ వెన్ గేట్‌వే ఈజ్ డౌన్' ఎంచుకుని, వైఫై నిబంధనల కింద ఒక బ్లాక్ నిబంధన పెట్టాలి.

చివరగా పరీక్ష

రెండు నెట్‌వర్క్‌ల నుంచీ బయటి ఐపీ ఎంతో చూపే పేజీ తెరవండి. వేర్వేరు ఐపీలు కనిపించాలి. తర్వాత ఫైబర్ తీగలు ఒక్కొక్కటిగా పీకి చూడండి. కౌంటర్ నడవాలి, వైఫై ఆగాలి. ఈ పరీక్ష రద్దీ లేని రోజునే చేయండి. కేబుల్ తెగిన రోజున నేర్చుకోవడం కంటే అది నయం.