డాగ్ షోల్లో కప్పులన్నీ కొన్ని జాతులకేనా..? జడ్జిల పక్షపాతమా, రూల్‌బుక్ మహిమా..? తార్నాక డాగ్ లవర్స్ తెలుసుకోవాల్సిన విషయాలివే..

చలికాలం వచ్చిందంటే హైదరాబాద్‌లో డాగ్ షోల సందడి మొదలవుతుంది. రిబ్బన్లు, కప్పులు, రింగ్‌లో పరుగులు తీసే కుక్కల వీడియోలు ఫోన్లలో చక్కర్లు కొడతాయి. వాటితోపాటే ఓ పాత గొడవ కూడా బయటికొస్తుంది. "మళ్లీ ఆ జాతికే ఇచ్చారు.. మా కుక్కను సరిగ్గా చూడనే లేదు" అని. ఈ ఆరోపణలో నిజమెంత..? రికార్డులు చూస్తే కొన్ని జాతులు ఎక్కువగా గెలుస్తున్న మాట వాస్తవమే. అయితే కారణం జడ్జి ఒక్కరే కాదు. పోటీని నడిపే పద్ధతిలోనే తేడా ఉంది.

పొద్దున్నే ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్ రోడ్ల మీద తార్నాక, హబ్సిగూడ, విద్యానగర్ వాసులు వాకింగ్ చేస్తుంటారు. వాళ్లు వెంట తెచ్చుకునే కుక్కల్లో లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, షిట్జూ, పగ్, బీగల్ లాంటివి కనిపిస్తాయి. అదే క్యాంపస్‌లో హాస్టళ్లు, క్యాంటీన్ల చుట్టూ దేశీ కుక్కలు తిరుగుతుంటాయి. కాగితాలు ఉంటే మొదటి రకం కుక్కలు షో రింగ్‌లోకి వెళ్లొచ్చు. రెండో రకానికి ఆ తలుపు మూసే ఉంటుంది. ఎంత చురుకైనదైనా, ఎంత ఆరోగ్యంగా ఉన్నా సరే..!

అసలు జడ్జి ఏం చూస్తారు..?

చాలామంది అనుకునేట్టు లాబ్రడార్ గొప్పదా, పగ్ గొప్పదా అని జడ్జి తేల్చరు. ప్రతి జాతికీ 'బ్రీడ్ స్టాండర్డ్' అనే రాతపూర్వక వర్ణన ఉంటుంది. తల ఎలా ఉండాలి, ఎత్తు ఎంత, నడక ఎలా ఉండాలి, బొచ్చు ఏ రంగులో ఉండాలి.. అన్నీ అందులో రాసి ఉంటాయి. ఎదురుగా ఉన్న కుక్క ఆ వర్ణనకు ఎంత దగ్గరగా ఉందన్నదే లెక్క.

పోటీ మూడు మెట్లుగా సాగుతుంది. ముందు ఒకే జాతి కుక్కల్లో 'బెస్ట్ ఆఫ్ బ్రీడ్'. ఆ విజేతలంతా తమ గ్రూపులో పోటీ పడతారు. చివరికి గ్రూప్ విజేతల నుంచి 'బెస్ట్ ఇన్ షో'ను ఎంపిక చేస్తారు. మొదటి మెట్టులో ఒకే స్టాండర్డ్ ఉంటుంది కాబట్టి పోలిక సులువు. రెండు, మూడు మెట్లలో మాత్రం చిక్కుంది. ఒక పగ్ తన స్టాండర్డ్‌కు ఎంత దగ్గరగా ఉంది, ఒక డాబర్‌మన్ తన స్టాండర్డ్‌కు ఎంత దగ్గరగా ఉంది అన్నది జడ్జి ఒకేసారి తూకం వేయాలి. ఆ తూకానికి రాళ్లు ఉండవు. జడ్జి అనుభవం, అభిరుచే కొలమానం. పక్షపాతానికి చోటు దొరికేది కూడా ఇక్కడే.

రికార్డులు ఏం చెబుతున్నాయి..?

అమెరికాలోని న్యూయార్క్‌లో 1877లో మొదలైన వెస్ట్‌మినిస్టర్ షో ప్రపంచంలో పేరున్న పోటీల్లో ఒకటి. అక్కడ 1907 నుంచి బెస్ట్ ఇన్ షో ఇస్తున్నారు. మొదటి మూడేళ్లూ, అంటే 1907, 1908, 1909లో గెలిచింది ఒకే కుక్క. అది స్మూత్ ఫాక్స్ టెర్రియర్ జాతిది. దాని దగ్గరి చుట్టమైన వైర్ ఫాక్స్ టెర్రియర్ 2019 నాటికి ఏకంగా 15 సార్లు గెలిచింది.

మరోవైపు లాబ్రడార్‌ను చూడండి. 1991 నుంచి 2021 వరకు వరుసగా 31 ఏళ్లు అమెరికాలో అత్యధికంగా రిజిస్టర్ అయిన జాతి అదే. అయినా 2025 వరకు వెస్ట్‌మినిస్టర్‌లో లాబ్రడార్‌కు ఒక్క బెస్ట్ ఇన్ షో కూడా దక్కలేదు. గోల్డెన్ రిట్రీవర్‌దీ అదే పరిస్థితి.

మరి లాబ్రడార్‌లో లోపం ఉందా..? బ్రిటన్ రికార్డు చూస్తే అలా అనిపించదు. అక్కడి ప్రఖ్యాత క్రఫ్ట్స్ షోలో 1932, 1933, 1937లో లాబ్రడార్లే గెలిచాయి. అదే షోలో ఇంగ్లిష్ కాకర్ స్పానియల్ 7 సార్లు నెగ్గింది. ఒక దేశంలో ఏలిన జాతి ఇంకో దేశంలో వెనకబడుతోందంటే, గెలుపులో కుక్క గుణంతోపాటు అక్కడి అలవాటు, అభిరుచి కూడా కలిసి ఉన్నాయనే అర్థం.

కొన్ని జాతులకు కలిసొచ్చేవి ఇవే..

మొదటిది ముస్తాబు. టెర్రియర్ బొచ్చును చేత్తో పీకి తీర్చిదిద్దుతారు. పూడుల్‌కు గంటల తరబడి కటింగ్ చేస్తారు. చేయి తిరిగిన గ్రూమర్ ఉంటే చిన్నచిన్న లోపాలు కనబడకుండా పోతాయి. పొట్టి బొచ్చున్న లాబ్రడార్‌కు ఆ అవకాశం తక్కువ. ఉన్నది ఉన్నట్టు కనిపిస్తుంది.

రెండోది రింగ్‌లో హుషారు. తల ఎత్తి, తోక నిలబెట్టి, 'నన్ను చూడు' అన్నట్టు నిలబడే జాతులు చివరి రౌండ్‌లో ఇట్టే ఆకట్టుకుంటాయి. నెమ్మదిగా, ఒద్దికగా ఉండటమే గుణమైన జాతులు అక్కడ తేలిపోతాయి.

మూడోది బెల్టు పట్టుకున్న మనిషి. పేరున్న ప్రొఫెషనల్ హ్యాండ్లర్, ఖరీదైన ప్రయాణాలు, డాగ్ మ్యాగజైన్లలో ప్రకటనలు.. ఇవన్నీ ఉన్న కుక్క జడ్జికి ముందే పరిచయమైపోతుంది. కుక్కను కాకుండా బెల్టు పట్టుకున్న మొహాన్ని చూసి మార్కులేస్తున్నారన్న విమర్శ చాలా దేశాల్లో ఉంది.

నాలుగోది చాలామంది గమనించనిది. అదే గ్రూపుల లెక్క..! అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్‌సీఐ 1911లో ఏర్పడింది. అది 300కు పైగా జాతులను 10 గ్రూపులుగా విభజించింది. రెండో గ్రూపులో డాబర్‌మన్, రాట్‌వీలర్, బాక్సర్, గ్రేట్ డేన్, బుల్‌డాగ్, సెయింట్ బెర్నార్డ్.. ఇలా పెద్ద గుంపే ఉంది. నాలుగో గ్రూపులో ఉన్నది మాత్రం ఒక్క డాక్స్‌హుండ్ జాతే. సైజు, బొచ్చును బట్టి అందులో రకాలున్నా జాతి మాత్రం ఒకటే. అంటే ఎఫ్‌సీఐ పద్ధతిలో పూర్తిస్థాయి షో జరిగితే ఆఖరి రౌండ్‌లో డాక్స్‌హుండ్‌కు ఒక సీటు దాదాపు రిజర్వ్ అయినట్టే. డాబర్‌మన్ మాత్రం ఆ సీటు కోసం ఎన్నో జాతులను దాటాలి. ఇందులో ఏ జడ్జి తప్పూ లేదు.

రింగ్‌లో అందం.. ఇంట్లో ఆయాసం

ఇది కప్పుల గొడవ మాత్రమే అయితే ఎవరికీ పెద్ద నష్టం లేదు. కానీ రింగ్‌లో గెలిచిన రూపాన్నే బ్రీడర్లు పెంచుతారు. కొనేవాళ్లూ దాన్నే అడుగుతారు. నష్టం అక్కడ మొదలవుతుంది.

2008లో బ్రిటన్‌లో బీబీసీ ప్రసారం చేసిన ఓ డాక్యుమెంటరీ.. షోల కోసం కుక్కల రూపాన్ని అతిగా మార్చడం వల్ల అవి జబ్బుల పాలవుతున్నాయని చూపించింది. పెద్ద దుమారమే రేగింది. 2009లో క్రఫ్ట్స్ షోను బీబీసీ ప్రసారం చేయలేదు. ఆ దుమారం తర్వాత అక్కడి కెన్నెల్ క్లబ్ స్టాండర్డ్‌లను సవరించింది. 2012 క్రఫ్ట్స్‌లో 15 జాతుల విజేతలకు వెటర్నరీ పరీక్ష తప్పనిసరి చేసింది. బుల్‌డాగ్, పెకినీస్ సహా ఆరు జాతుల్లో 'బెస్ట్ ఆఫ్ బ్రీడ్' గెలిచిన కుక్కలు ఆ పరీక్షలో ఫెయిలయ్యాయి. జడ్జి ఉత్తమమని తేల్చిన కుక్కను డాక్టర్ వెనక్కి పంపారన్నమాట.

మన దగ్గరా ఇదే ముచ్చట. 2003లో వచ్చిన హచ్ మొబైల్ ప్రకటనతో పగ్ దేశమంతా ఫేమస్ అయింది. కుక్క ఒంటి వేడిని తగ్గించుకునేది ముఖ్యంగా రొప్పడం ద్వారానే. ముక్కు నొక్కుకుపోయిన జాతులకు గాలి ఆడటమే కష్టం. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే హైదరాబాద్‌లో వాటి అవస్థ ఊహించుకోవచ్చు. మంచు దేశాల కోసం పుట్టిన హస్కీకి ఒంటి నిండా దట్టమైన బొచ్చు. తార్నాక అపార్ట్‌మెంట్ బాల్కనీలో మే నెల దానికి శిక్షే.

రూపాన్ని చూసి స్వభావాన్ని కూడా అంచనా వేయొచ్చన్న నమ్మకం ఇంకొకటి. 2022లో 'సైన్స్' పత్రికలో వచ్చిన పరిశోధనలో 18 వేలకు పైగా కుక్కల వివరాలను పరిశీలించారు. కుక్కల ప్రవర్తనలోని తేడాల్లో జాతి వల్ల వచ్చేది సుమారు 9 శాతమేనని తేలింది. అంటే చాంపియన్ జాతి కాబట్టి పిల్లలతో మంచిగా ఉంటుందన్న గ్యారంటీ ఏమీ లేదు.

మన జాగిలాలు ఎక్కడున్నాయి..?

కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా 1896 నాటిది. చెన్నై కేంద్రంగా పనిచేస్తోంది. విదేశీ జాతులతోపాటు రాజపాళయం, ముధోల్ లాంటి భారతీయ జాతులూ మన షోల్లో కనిపిస్తాయి. 2005లో తపాలా శాఖ హిమాలయన్ షీప్‌డాగ్, రాంపూర్ హౌండ్, ముధోల్ హౌండ్, రాజపాళయంలపై స్టాంపులు విడుదల చేసింది. 2020 ఆగస్టు 30న 'మన్ కీ బాత్'లో ప్రధాని మోదీ దేశీ జాతులను పెంచుకోవాలని పిలుపునిచ్చారు.

రాజపాళయంతో తెలుగువాళ్లకు చుట్టరికం కూడా ఉంది. తమిళనాడులోని ఆ ఊళ్లో స్థిరపడిన రాజులు ఇళ్లలో తెలుగు మాట్లాడేవాళ్లే. అయితే ఇక్కడా ఓ హెచ్చరిక ఉంది. ఒళ్లంతా తెలుపు, గులాబీ రంగు ముక్కు కావాలంటూ ఎంచిఎంచి పెంచడంతో రాజపాళయంలో చెవుడు సమస్య కనిపిస్తోంది. దేశీ జాతి అయినంత మాత్రాన రూపం మీద మోజు చేసే హాని తప్పదు.

మరి తెలుగు నేల మీది కుక్కల మాటేంటి..? కొల్లేరు చుట్టుపక్కల జోనంగి ఉంది. కొల్లేటి జాగిలం అని కూడా అంటారు. నున్నటి పొట్టి బొచ్చు, నుదుటి మీద ముడతలు. బాతుల మందలను కాయడంలో దిట్ట. మొరిగేది తక్కువ, ఊళలాంటి కూత ఎక్కువ. మట్టిలో గుంత తవ్వుకుని పడుకోవడం దాని అలవాటు. కొల్లేరులో చేపల చెరువులు పెరిగేకొద్దీ బాతుల మందలతోపాటు దీనికీ పని తగ్గింది. కర్నూలు జిల్లా పత్తికొండ ప్రాంతంలోని పందికోన కుక్కలు కాపలాకు, వేటకు పేరుమోసినవి.

పక్క రాష్ట్రాలు తమ జాతుల కోసం ముందే కదిలాయి. తమిళనాడు ప్రభుత్వం చెన్నై సైదాపేటలో దేశీ కుక్కల పెంపక కేంద్రం పెట్టింది. కర్ణాటకలో ముధోల్ దగ్గర తిమ్మాపూర్‌లో పరిశోధన కేంద్రం ఉంది. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల బ్యూరో మొదట నమోదు చేసిన కుక్క జాతులు రాజపాళయం, చిప్పిపారై, ముధోల్. మూడూ ఆ రెండు రాష్ట్రాలవే. ఆ మొదటి నమోదులో జోనంగి, పందికోనలకు చోటు దక్కలేదు. స్టాండర్డ్ లేని కుక్కకు రింగ్ లేదు. రింగ్ లేకపోతే టైటిల్ లేదు, టైటిల్ లేకపోతే మార్కెట్ లేదు. అన్నిటికన్నా పెద్ద పక్షపాతం ఇదే.. జడ్జి రింగ్‌లోకి రాకముందే జరిగిపోయేది..!

షోకు వెళ్లేవాళ్లు ఏం చేయాలి..?

* కప్పు కన్నా ముందు కేటలాగ్ చూడండి. ఆ జాతిలో పోటీకి ఎన్ని కుక్కలు వచ్చాయో తెలుస్తుంది. ఒక్కటే వచ్చినా 'బెస్ట్ ఆఫ్ బ్రీడ్' దక్కొచ్చు.
* ఒకే జడ్జి ఇచ్చిన మూడు కప్పుల కన్నా ముగ్గురు వేర్వేరు జడ్జిలు ఇచ్చిన మూడు కప్పులకు విలువెక్కువ. బ్రిటన్‌లో షో చాంపియన్ టైటిల్‌కు ముగ్గురు వేర్వేరు జడ్జిల సర్టిఫికెట్లు కావాలన్న నిబంధన అందుకే.
* ఓడితే గొడవపడకుండా కారణం అడగండి. చాలా దేశాల్లో జడ్జిలు తమ అభిప్రాయాన్ని రాతపూర్వకంగా ఇస్తారు. ఆ పద్ధతి కావాలని నిర్వాహకులను కోరొచ్చు. పక్షపాతం ఉంటే బయటపడేది రాతలోనే.

కుక్కపిల్లను కొనేవాళ్లు ఏం చూడాలి..?

* చాంపియన్ పిల్ల అని చెబితే తల్లిదండ్రులను చూపించమనండి. అవి నడిచే తీరు, ఊపిరి తీసుకునే తీరు గమనించండి. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ అయితే తుంటి ఎక్స్‌రే గురించి అడగండి.
* 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం బ్రీడర్ రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదై ఉండాలి. 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు.
* వంశావళి కాగితాలతోపాటు మైక్రోచిప్ నంబర్ సరిపోతుందో లేదో చూసుకోండి.

ఒక జాతికి స్టాండర్డ్ ఊరికే రాదు. కుక్కలు ఎన్ని ఉన్నాయో లెక్క తీయాలి, కొలతలు నమోదు చేయాలి, తరాల తరబడి వంశావళి రాసుకోవాలి. తార్నాక నుంచి ఊళ్లకు వెళ్లే వెటర్నరీ, జెనెటిక్స్ విద్యార్థులు కూడా పట్టుకోదగ్గ పనే ఇది. ఆ స్టాండర్డ్ రాసే రోజు వస్తే.. ముక్కు పొడవు, తోక వంపుతోపాటు మే నెల ఎండలో హాయిగా ఊపిరి తీసుకోగలగాలన్న లైను కూడా అందులో ఉండాలి.