పాటకు కలిసిన మార్కులు

"మా పోరనికి పదో తరగతిల పాటకు గూడ మార్కులు కలిసినయ్." భివండిలో స్థిరపడ్డ సిరిసిల్ల మనిషి ఒకాయన పెండ్లి పందిట్లో అన్న మాట ఇది. నేను మొదట నమ్మలేదు. ఆరా తీస్తే అక్షరాలా నిజమని తేలింది. అఖిల భారతీయ గాంధర్వ మహావిద్యాలయ మండలం లాంటి గుర్తింపు పొందిన సంస్థల శాస్త్రీయ సంగీత పరీక్షల్లో కొన్ని మెట్లు దాటిన పిల్లలకు మహారాష్ట్ర బోర్డు పదో తరగతిలో అదనపు మార్కులు కలుపుతుంది. డ్రాయింగ్ గ్రేడ్ పరీక్షలు ప్యాసైన వాళ్లకూ అంతే. మగ్గాన్ని నమ్ముకుని సిరిసిల్ల నుంచి, కోరుట్ల నుంచి భివండికీ షోలాపూర్‌కీ వలసపోయిన పద్మశాలి ఇళ్ల పిల్లలకు ఆ అవకాశం ఉంది. ఇక్కడే ఉండిపోయిన వాళ్ల పిల్లలకు లేదు. మన పదో తరగతి ఆరు సబ్జెక్టుల్లో సంగీతం ఊసే కనిపించదు. ఆటపాటలకు బడివాళ్లు వేసే గ్రేడ్లు, అంతే.

మెట్టు మెట్టుగా సాగే గ్రేడ్ పరీక్షకూ బడి పరీక్షకూ ఉన్న తేడా మన ఊళ్లవాళ్లకు కొత్తదేం కాదు. జగిత్యాలలోనో కోరుట్లలోనో టైపు నేర్చినవాళ్లను అడగండి. లోయర్ ప్యాసైతే హయ్యర్. వయసుతో పని లేదు, ఏ తరగతి అని అడిగేవాళ్లు లేరు. చేతికి వేగం వచ్చినప్పుడే పరీక్షకు కూర్చుంటారు. గ్రేడ్ పరీక్ష నేర్చేవాని కోసం ఆగుతుంది. బడి పరీక్ష ఎవరి కోసమూ ఆగదు, మార్చి రాగానే అందరూ ఒకేసారి రాయాలి. అయితే బడి సబ్జెక్టుకూ ఒక బలం ఉంది. సీబీఎస్ఈలో కర్ణాటక గాత్రం కోడ్ 031, హిందుస్తానీ గాత్రం 034. అక్కడ పాడటంతో పాటు చరిత్ర, శాస్త్రం కూడా చదవాలి. ఆ మార్కులు మెమో మీద లెక్కల పక్కనే అచ్చవుతాయి.

గ్రేడ్ల పుట్టుక లండన్‌లో. ట్రినిటీ కాలేజీ 1877లో సంగీత పరీక్షలు మొదలుపెట్టింది. 1889లో అసోసియేటెడ్ బోర్డు పుట్టింది. ఇప్పుడు అక్కడ 8వ గ్రేడు వాద్య పరీక్షలో డిస్టింక్షన్ వస్తే యూనివర్సిటీ ప్రవేశానికి 30 పాయింట్లు లెక్కేస్తారు. మన దేశంలో విష్ణు దిగంబర్ పలుస్కర్ 1901 మే 5న లాహోర్‌లో గాంధర్వ మహావిద్యాలయం తెరిచారు. చిన్నప్పుడు బాణసంచా ప్రమాదంలో చూపు పోగొట్టుకున్న మనిషి ఆయన. పాట రాజుల కొలువుల్లోంచి జనంలోకి రావాలని తపించాడు. ఆయన శిష్యులు 1931లో పెట్టిన మండలమే ప్రారంభిక్ నుంచి విశారద్, అలంకార్ దాకా ఇవాళ్టికీ పరీక్షలు పెడుతోంది.

విజయనగరం కథ మొదలైందీ చూపు లేని ఒక పిల్లవాడితోనే. మహారాజా విజయరామ గజపతి కొలువులోని చాగంటి జోగారావు కొడుకు గంగబాబు అంధుడు, సంగీతమంటే ప్రాణం. ఆ పిల్లవాడి చదువు కోసమే 1919లో సంగీత కళాశాల వెలిసిందని చెబుతారు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్. అక్కడ విద్యార్థిగా చేరదామని వచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్ వాయిస్తే విని, నీకు ఇక్కడ నేర్పాల్సిందేమీ లేదు, నువ్వే నేర్పు అని కొలువిచ్చారట. ఈ సంగతి ఎన్నిసార్లు విన్నా నాకు తనివి తీరదు. ప్రవేశం కోసం వచ్చినవాడు పంతులై నిలబడ్డాడు! 1936లో ఆయనే ప్రిన్సిపాల్ అయ్యారు. చేతి ఉంగరం అమ్ముకుని ఆ ఊరు చేరిన ఘంటసాల ఇల్లిల్లూ తిరిగి మధూకరం ఎత్తుకుంటూ, పట్రాయని సీతారామశాస్త్రి దగ్గర నేర్చుకున్నారు. అక్కడ కాగితం చివరికి వచ్చేది, ముందు గురువు చెవి ఒప్పుకోవాలి. ఆ చెవిని మనం పోగొట్టుకున్నాం. ఇప్పుడు సర్టిఫికెట్ నాలుగేండ్లు, డిప్లొమా రెండేండ్లు అని లెక్క.

నిజాం ఏలుబడిలోని మన వైపు సంగతికొస్తే, పాట గుడిలో, గడీలో, గొల్లకురుమల మల్లన్న పట్నాలలో బతికింది. పరీక్షతో పని పడలేదు. ప్రభుత్వ సంగీత కళాశాలల పరీక్షలు ఆ తర్వాత తెలుగు విశ్వవిద్యాలయం చేతికి వచ్చాయి. ఆ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేసిన సినారె వేములవాడ దగ్గరి హనుమాజీపేటలో 1931లో పుట్టారు. సిరిసిల్ల బడిలో ఉర్దూ మీడియం చదివారు. ఆయన చెవికి లయ అబ్బింది ఊళ్లో విన్న హరికథల్లో, జంగం కథల్లో. అదే హనుమాజీపేట ఒగ్గుకథ మిద్దె రాములుదీ. ఒకే ఊరు ఒక ఉపకులపతిని, ఒక ఒగ్గు కళాకారుణ్ణి కన్నది. ఒగ్గు నేర్వాలంటే మేళం వెంట తిరగాలి. మొదట తాళం పట్టుకోవాలి, వంత పాడాలి, డోలు కొట్టాలి, ఎన్నో రాత్రుళ్లు జాగారం చేయాలి. అప్పుడు గాని కథ చెప్పే చోటు దక్కదు. ఇవీ మెట్లే. వీటికి లోయర్, హయ్యర్ అని పేరు పెట్టలేదు, అంతే. పేరు పెట్టకపోవడం వల్లే మన బడి ఒగ్గు నేర్చే పిల్లవాని విద్యను విద్యగా చూడలేదు. ఈ అన్యాయం నన్ను బాధిస్తుంది.

తెలంగాణ పరీక్షల బోర్డు చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. సంగీతం మెట్లు దాటిన పిల్లలకు మహారాష్ట్ర లాగానే పదో తరగతిలో మార్కులు కలపాలి. ఆ పరీక్ష కోసం సిరిసిల్ల పిల్లవాడు హైదరాబాద్ బస్సెక్కకుండా కరీంనగర్‌లోనే కేంద్రం పెట్టాలి. మార్కులు కలిపే విద్యల జాబితాలో వీణ, వయొలిన్‌తో పాటు ఒగ్గూ డోలూ ఉండాలి.