పాత గని, పాత పటం: బొగ్గుగనుల జల ప్రమాదాల చరిత్రలో ఒక పార్శ్వం

బొగ్గుగని ప్రమాదాలను మృతుల సంఖ్యతో గుర్తుంచుకోవడం పరిపాటి. పైకప్పు కూలడం, వాయువు పేలడం, నీరు ముంచెత్తడం అని నివేదికలు కారణాలను విభజిస్తాయి. వీటిలో జల ప్రమాదాలను విడిగా పరిశీలిస్తే, వాటి మూలం తరచుగా గని పటంలో కనిపిస్తుంది. తవ్వి వదిలేసిన గనిలో నీరు చేరుతుంది. దాని హద్దు పటంలో చూపిన చోట లేకపోతే, పక్క గని కార్మికుడు తెలియకుండానే ఆ నీటివైపు తవ్వుకుంటూ పోతాడు.

1957 నాటి బొగ్గుగనుల నిబంధనలు ఈ ముప్పును గుర్తించాయి. పాత తవ్వకాలకు 60 మీటర్లలోపు రాతపూర్వక అనుమతి లేకుండా పని సాగించరాదని విధించాయి. అయితే ఆ 60 మీటర్లను కొలిచేది పటం మీదే. పటం తప్పయితే నిబంధనను పాటించినట్లే కనిపిస్తుంది, రక్షణ మాత్రం ఉండదు. 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ సమీపంలోని చస్నాలాలో పాత తవ్వకాల్లో నిలిచిన నీరు విరుచుకుపడి 375 మంది మరణించారు. అదే ప్రాంతంలోని బాగ్‌డిగిలో 2001లో మూతపడిన పక్క గని నీరు 29 మందిని బలిగొన్నది. అక్కడ పటం లోపభూయిష్టమని తేలింది.

సింగరేణికీ ఈ ప్రశ్న వర్తిస్తుంది. 1871లో విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గును గుర్తించగా, 1889లో తవ్వకం మొదలైంది. 1920 నుంచి సంస్థ సింగరేణి కాలరీస్ పేరుతో సాగుతున్నది. శతాబ్దం దాటిన ఈ తవ్వకంలో ప్రతి తరమూ తర్వాతి తరానికి భూగర్భంలో కొంత శూన్యాన్ని మిగిల్చింది. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలో నీరు ముంచెత్తి 17 మంది మృతిచెందారు. నాలుగు నెలలకు అక్కడి 8ఎ గనిలో పైకప్పు కూలి 10 మంది మరణించారు. ఈ రెండో ఘటన అన్ని మరణాలకూ పటమే కారణం కాదని గుర్తుచేస్తుంది.

తాళపత్ర ప్రతిలోని లేఖక దోషాన్ని పరిష్కర్త ఇతర ప్రతులతో పోల్చి సవరిస్తాడు. గని పటానికి అలాంటి ప్రత్యంతరం పాత బాయిలో పనిచేసినవారి జ్ఞాపకమే. పదవీ విరమణ చేసిన కార్మికుల మౌఖిక కథనాల సేకరణ కేవలం సాహిత్య, సామాజిక చరిత్రకు సంబంధించిన పని కాదు. వారు చెప్పగల గలుగుల పేర్లు, నీటి ఊటల ఆనవాళ్లు, పని నిలిచిన స్థలాలు పటాలను సరిచూడడానికి ఆధారాలు కాగలవు. ఆ తరం ఉన్నప్పుడే ఈ సేకరణ జరగవలసి ఉంది.