హకీంపేట క్రీడా పాఠశాల: బాల ప్రతిభ ఎంపిక, నిలుపుదల - చారిత్రక పరిశీలన

1. ప్రవేశిక

బాల క్రీడాకారులను సమకూర్చుకోవడానికి రెండు మార్గాలున్నాయి. ఆట వేళ్లూనిన ప్రాంతంలో ఆటగాళ్లను ఏరుకోవడం ఒకటి; శరీర సామర్థ్యాన్ని ముందు గుర్తించి తరువాత ఆట నేర్పడం మరొకటి. హాకీలో మొదటి మార్గానికి ఒడిశాలోని సుందర్‌గఢ్ జిల్లా నిదర్శనం. దిలీప్ తిర్కీ వంటివారు అక్కడి పాన్‌పోష్ క్రీడా వసతిగృహం నుంచి ఎదిగారు. రెండవ మార్గానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1993లో శామీర్‌పేట మండలం హకీంపేటలో నెలకొల్పిన క్రీడా పాఠశాల ఉదాహరణ. ప్రతిభను చేర్చుకోవడం కన్న నిలుపుకోవడమే కష్టమన్న విషయాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

2. ఉద్యోగమే ఆధారం

మేడ్చల్, శామీర్‌పేటలకు దక్షిణాన ఉన్న బొల్లారం, తిరుమలగిరి, సికింద్రాబాదు పూర్వం బ్రిటిషు సైనిక స్థావరాలు. దేశంలో హాకీ వ్యాప్తికి ఇటువంటి దండు ప్రాంతాలు తోడ్పడ్డాయి. 1966 అక్టోబరు 2న సికింద్రాబాదు కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. సైన్యం, రైల్వేలు, విమానయాన సంస్థలు, బ్యాంకులు ఉద్యోగమిచ్చి ఆటగాళ్లను నిలుపుకునేవి. 1992, 1996, 2000 ఒలింపిక్స్‌లో ఆడిన హైదరాబాదు క్రీడాకారుడు ఎన్. ముఖేశ్ కుమార్ ఇండియన్ ఎయిర్‌లైన్స్ జట్టుకు చెందినవారు.

3. హకీంపేట పద్ధతి

ఈ పాఠశాల 4వ తరగతిలో ప్రవేశం కల్పిస్తుంది. ఎంపికలో ఎత్తు, బరువులతోపాటు పరుగు, దూకుడు, శరీర వంపు, మెడిసిన్ బాల్ విసరడం వంటి అంశాలను పరీక్షిస్తారు. ఏ ఒక్క ఆటలోనూ నైపుణ్యం అడగరు. ఉచిత వసతి, భోజనం, చదువు పేద కుటుంబాలకు ప్రధాన ఆకర్షణలు. అయితే దీనికి ప్రతిగా తొమ్మిదేళ్ల పిల్లవాడు ఇల్లు విడవాలి.

స్టూవర్టుపురానికి చెందిన రాగాల వెంకట రాహుల్ ఇక్కడ శిక్షణ పొంది, 2014 నాన్‌జింగ్ యువ ఒలింపిక్స్‌లో రజతం, 2018 కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం సాధించారు. బరువులెత్తే క్రీడలో ఒక్క బాలుడు, ఒక్క శిక్షకుడు చాలు. హాకీకి సమాన స్థాయి గల పదకొండుమంది, వారికి దీటైన ప్రత్యర్థులు కావాలి. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ తరువాత కృత్రిమ మైదానం కూడ తప్పనిసరి అయింది. 2003 ఆఫ్రో-ఆసియా క్రీడల వేళ హైదరాబాదు హాకీకి వేదికైన గచ్చిబౌలి నగరానికి పడమటి కొసన ఉంది. హకీంపేట ఉత్తరపు కొసన ఉంది.

4. నిలుపుదల సమస్య

జూనియర్ ప్రపంచకప్ వయోపరిమితి 21 సంవత్సరాల లోపు. పాఠశాల చదువు అంతకు కొన్నేళ్ల ముందే ముగుస్తుంది. ఆ నడిమి కాలంలో ఉద్యోగమో, కళాశాల జట్టో ఆదుకోకపోతే ఆటగాడు ఆటనే విడుస్తాడు. పాఠశాల పిల్లవాణ్ణి చేర్చుకోగలదు. నిలుపుకొనే బాధ్యత దాని గేటు వెలుపల ఉంది.

5. ముగింపు

2014లో రాష్ట్ర విభజన, 2016లో మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా ఏర్పాటు పాఠశాల పరిపాలనా చిరునామాను మార్చాయి కాని ఈ సమస్యను మార్చలేదు. సుందర్‌గఢ్ బాలునికి ఆట మానినా ఊరిలో హాకీ మిగులుతుంది. హకీంపేట బాలునికి మిగిలేది చదువే. కనుక ఇటువంటి సంస్థల విలువను పతకాలతోనే కాక, ఆటలో వెనుకబడిన పిల్లలకు అవి ఇచ్చిన చదువుతో కూడ తూచవలసి ఉంటుంది.