పాత ఇనుములో ఆకాశచరిత్ర

విమానమనగానే మనకు రెక్కలు, ఇంజనులు, వాటి హోరు జ్ఞప్తికి వచ్చును. కాని విమానమును నడుపువాని కన్నులును, చెవులును ఉండునది దాని ముందుభాగముననున్న ఒక ఇరుకు గదిలో. దానినే కాక్‌పిట్టు అందురు. ఎత్తు చెప్పునది ఒకటి, వేగము చెప్పునది ఒకటి, దిక్కు చెప్పునది మరియొకటి - ఇట్లు అరచేతిలో ఇముడు గుండ్రని పరికరములు అచట బారులు తీరియుండును. విమానము శిథిలమై పోయినను ఈ చిన్న పరికరములు చాలకాలము నిలుచును. అందుచేతనే వీటిని వెదకి సేకరించువారు లోకమున అనేకులున్నారు. ఇంగ్లండులోని న్యూవార్కు విమాన ప్రదర్శనశాలలో పాత కాక్‌పిట్టులను బాగుచేసినవారు వాటిని తెచ్చి చూపుకొను ఉత్సవములును, విడిభాగములమ్ము సంతలును జరిగినవి.

"పత్తియు మిరపయు పండించు మన మైదానములకు దీనితో నేమి సంబంధము?" అని విద్యార్థి అడుగవచ్చును. సంబంధము కలదు. అది మనము మరచిన సంబంధము.

దొనకొండ విమానక్షేత్రము

గుంటూరునుండి నంద్యాలకు పోవు రైలుమార్గమున నరసరావుపేట, వినుకొండ దాటిన పిమ్మట దొనకొండ వచ్చును. ఒకప్పుడు ఈ ఊరు మీటరుగేజి రైలు ఇంజనుల షెడ్డుకు పేరుపడినది. రెండవ ప్రపంచయుద్ధకాలమున బ్రిటిషువారు ఇచట నొక విమానక్షేత్రమును నిర్మించిరి. కృష్ణ కావలి ఒడ్డున గన్నవరమునందును ఆ యుద్ధమున సైనిక విమానస్థావరముండెను.

పొలముల నడుమ ఇవి ఏల వెలసినవి? 1942 ఫిబ్రవరిలో సింగపూరు, మార్చిలో రంగూను జపానువారి వశమైనవి. ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణము మీదను, కాకినాడ మీదను బాంబులు వేసినవి. యుద్ధము మన తీరమును తాకినది. ఆనాటి విమానములు నేటివానివలె ఒక్క ఊపున దూరదేశములు పోజాలవు. తరచు దిగి ఇంధనము నింపుకొనవలెను. దొనకొండ క్షేత్రము అట్టి మజిలీగా పనికివచ్చెను. యుద్ధము ముగియగానే దాని అవసరము తీరినది. క్షేత్రము మిగిలినది, దానికథ చెప్పు వస్తువులు చెదరిపోయినవి.

సుత్తిదెబ్బ తిన్న విమానములు

యుద్ధానంతరము మనదేశమున మిగిలిన విమానములకు ఏమి గతి పట్టెనో తెలిసికొనుటకు కాన్పూరు కథ చాలును. అమెరికా బ్రిటనునకు అరువిచ్చిన లిబరేటరు బాంబరులు సుమారు నూరు అక్కడ నిలిచిపోయెను. ఒప్పందము ప్రకారము వాటిని తిరిగి ఈయవలెను, లేనిచో పనికిరాకుండ చేయవలెను. బ్రిటిషు సిబ్బంది రెండవ మార్గమునే అవలంబించిరి. పరికరములను సుత్తులతో పగులగొట్టిరి; ఇంజనులలో ఇసుక పోసిరి.

1948లో స్వతంత్ర భారతమునకు బాంబరులు కావలసివచ్చెను. బెంగుళూరులోని హిందూస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థవారు కాన్పూరుకు పోయి, ఒకదాని భాగము మరియొకదానికి తగిలించి, ఆ శిథిలములను ఎగురగలుగునట్లు చేసిరి. మున్షీ అను పరీక్షాపైలటు వాటిని ఒక్కొక్కటిగా బెంగుళూరునకు నడిపించుకొని పోయెను. ఇట్లు నలువదికి పైగా విమానములు పునర్జన్మమెత్తి 1968 వరకు మన వాయుసేనలో పనిచేసెను. పిమ్మట వాటిలో కొన్ని ఇంగ్లండు, అమెరికా, కెనడా దేశముల ప్రదర్శనశాలలకు చేరినవి. ఇతరదేశములు తమ లిబరేటరులను కరగించివేసినందున, నేడు లోకమున మిగిలియున్న కొద్దిపాటి లిబరేటరులలో పెక్కు మనదేశమునుండి పోయినవే. ఒకరు పారవేసినది మరియొకరికి నిధి యగునని మన పెద్దలు ఊరకనే అనలేదు.

పరికరము చెప్పు పాఠము

కొంతకాలము క్రిందట నా పూర్వవిద్యార్థి యొకడు గుంటూరులోని పాత ఇనుప సామానుల దుకాణములో తూకమునకు కొన్న గుండ్రని పరికరమును తెచ్చి నా బల్లపైనుంచెను. నల్లని ముఖము, మూడు ముండ్లు, అడుగులలో అంకెలు, క్రింద మిల్లీబారులు చూపు చిన్న కిటికీ. అది ఆల్టిమీటరు, అనగా ఎత్తును కొలుచు పరికరము. వెనుకవైపున కిరీటము క్రింద ఏ, ఎమ్ అను ఆంగ్లాక్షరములును, 6ఏ అని మొదలగు సంఖ్యయు నుండెను. ఆ రెండక్షరములు బ్రిటనులోని వైమానిక మంత్రిత్వశాఖ గుర్తు. 6ఏ అనునది బ్రిటిషు వాయుసేన గిడ్డంగులలో విమాన పరికరముల విభాగపు సంఖ్య. కిరీటపు వంపులు గుమ్మటమువలె పైకి ఉబ్బియున్నచో అది రాజులకాలపు ముద్ర. నడుమ లోనికి అణగియున్నచో 1952 తరువాత వచ్చిన ఎలిజబెత్తు రాణికాలపు ముద్ర. మా పరికరముపైనున్నది గుమ్మటపు కిరీటము.

కళాశాలలోని గైగర్ కౌంటరుతో పరీక్షించి, భయము లేదని తేల్చుకొన్న పిమ్మట దానిని గాలిపంపు మీది గాజుగంట క్రింద నుంచితిమి. గాలిని తీయుకొలది ముండ్లు కదలసాగెను. పీడనము పదింట మూడువంతులు తగ్గునప్పటికి అది పదివేల అడుగుల ఎత్తు చూపెను. బల్లమీది నుండి ఒక్క అంగుళమైనను లేవని పరికరము ఆకాశమునకు ఎక్కెను! విద్యార్థులు చప్పట్లు కొట్టిరి. దానిలోనున్నది గాలి తీసివేసిన పలుచని లోహపు డబ్బీ. వెలుపలి పీడనము తగ్గినచో అది ఉబ్బును. ఆ ఉబ్బును పళ్లచక్రములు పెద్దవిగా చేసి ముండ్లకందించును. సముద్రమట్టమునకు దగ్గరలో సుమారు 27 అడుగులు ఎక్కినచో పీడనము ఒక మిల్లీబారు తగ్గును. కావున కోటప్పకొండ మెట్లెక్కునపుడును ఆ ముల్లు కదలును. అది కొలుచునది నిజమునకు ఎత్తు కాదు, గాలి బరువు. వాతావరణము మారినచో ఎత్తు తప్పుగా కనిపించును. అందుకే ఆ మిల్లీబారుల కిటికీ. ఆనాటి పీడనమును పైలటు దానిలో సరిచేసికొనవలెను.

తక్కిన పరికరములును ఇట్టివే. వేగమాపకమునకు గాలినందించు గొట్టము 1732లో ఫ్రాన్సు దేశీయుడైన పీటో సేన్ నదీప్రవాహమును కొలుచుటకు కనిపెట్టినది. వేగము రెట్టింపైనచో ఆ గొట్టములోని అదనపు పీడనము నాలుగురెట్లగును. ఇక కృత్రిమ క్షితిజరేఖను చూపు పరికరములో తిరుగునది బొంగరమే. బొంగరము వేగముగ తిరుగుచున్నంతకాలము తన ఇరుసు దిశను విడువదు. మబ్బులో చిక్కిన పైలటునకు తన చెవిలోని సమతూక నాళములు అబద్ధము చెప్పును; బొంగరము చెప్పదు. 1929 సెప్టెంబరు 24న అమెరికాలో డూలిటిల్ అను వైమానికుడు కాక్‌పిట్టును కప్పివేయించుకొని, వెలుపలికి చూడకుండ, పరికరములనే నమ్మి విమానమును ఎక్కించి దింపెను. నేడు రాత్రివేళ మనము నిశ్చింతగ ప్రయాణము చేయుట ఆ పరికరముల ఫలమే.

వెలుగు ఆరినను విషమారదు

ఇచ్చట నొక హెచ్చరిక అవసరము. రాత్రి కనిపించుటకై ఆనాటి పరికరములలో చాలవానికి రేడియము కలిపిన రంగు పూసిరి. రేడియము వెలువరించు కిరణములు తగిలి రంగులోని జింకు సల్ఫైడు వెలుగును. కొన్నియేండ్లకు ఆ సల్ఫైడు చెడిపోవును. ముల్లు మెరయుట మానును. "వెలుగు లేదు గదా, ప్రమాదము లేదు" అని తలచుట పెద్ద పొరపాటు. రేడియము అర్ధాయువు సుమారు 1,600 సంవత్సరములు. 1942లో పూసిన రంగులో నేటికి నూటికి తొంబదియారు పాళ్లకు పైగా రేడియము అట్లే యున్నది. పెళుసైన ఆ రంగు పొడియై ఊపిరిలోనికి పోయినచో మిక్కిలి హాని. కావున పాత పరికరపు అద్దమును ఎన్నడును విప్పరాదు, గోకరాదు. రేడియోధార్మికతను కొలువగల భౌతికశాస్త్రశాఖకు ముందు చూపవలెను. పాత విమానక్షేత్రములలో గుర్తుతెలియని గుండును, పేటికను తాకక పోలీసులకు తెలుపవలెను. అనుమతిలేనిదే అట్టి స్థలములలో ప్రవేశింపరాదు.

ఊరుపేరు లేని వస్తువు

మా ఆల్టిమీటరు భౌతికశాస్త్రమును చక్కగ బోధించినది. కాని చరిత్ర అడిగినచో మౌనము వహించినది. అది ఏ విమానములోనిది? దొనకొండలో దిగినదా, వేరొకచోట కూలినదా? ఎవని ప్రాణము దానిని నమ్ముకొనియుండెను? దుకాణదారు తూకము చెప్పెనేగాని అది వచ్చిన ఊరు చెప్పలేకపోయెను. ఎవరో ఒకరు ఒక్క చీటీపై రెండు వాక్యములు వ్రాసియుండినచో ఆ చరిత్ర దక్కియుండెడిది.

చట్టము కూడ దీనికి అండగా లేదు. 1972 నాటి పురావస్తువుల చట్టము ప్రకారము సామాన్యముగ నూరేండ్లు నిండిన వస్తువే పురావస్తువగును. ఆ యుద్ధకాలపు పరికరములకు 2040 తరువాతగాని ఆ అర్హత రాదు. కొలిమి అంతవరకు ఆగునా?

పూనుకొన్నచో ఏమి చేయవచ్చునో విశాఖపట్టణము చూపినది. 1988 నుండి 29 ఏండ్లు నౌకాదళమున పనిచేసిన టుపొలెవ్-142 విమానమును భాగములుగ విప్పి, సముద్రతీరమునకు తెచ్చి, తిరిగి కూర్చిరి. 2017 డిసెంబరునుండి అది ప్రదర్శనశాల. పిల్లలు దానిలోపలికి పోయి పైలటుల ఆసనములను, పరికరములను కన్నులార చూడవచ్చును.

మన పాఠశాలలకు అంత పెద్ద పని అవసరము లేదు. పాత వస్తువు దొరికినచో మొదట ఉన్నచోటనే ఫొటో తీయవలెను. పిమ్మట ఎవరిచ్చిరి, ఎక్కడిది, ఎప్పుడు దొరికినది అను మూడు మాటలు వ్రాసి దానితో కట్టవలెను. పైనున్న సంఖ్యలను చెరిపివేయునట్లు తోమరాదు. అంతకన్న ముఖ్యమైనది మరియొకటి కలదు. 1942లో పదేండ్ల బాలురు నేడు తొంబదియేండ్లు దాటిన వృద్ధులు. దొనకొండ, గన్నవరము పరిసరములలో విమానములు దిగుట చూచినవారి మాటలను నేడే వ్రాసికొనవలెను. రేపు అడుగుటకు వారుండరు.

2024 మార్చిలో కొరిశపాడు సమీపమున జాతీయ రహదారిపై వాయుసేన రవాణావిమానములు దిగి తిరిగి లేచినవి. రోడ్డు ప్రక్క పొలములవారు దానిని చూచిరి. ఎనుబదియేండ్ల తరువాత ఒక విద్యార్థి ఆనాటి సంగతి అడిగినచో చెప్పుటకు మనయొద్ద వస్తువులుండవలెను, వాటితోపాటు వాటి ఊరును పేరును ఉండవలెను. మా బల్లమీది ఆల్టిమీటరునకు ఇప్పుడొక చీటీ కట్టితిమి. దొరికిన దుకాణము, తేదీ మాత్రమే దానిలో కలవు. తక్కిన గీతలు ఖాళీగ నున్నవి.