దీర్ఘకాలిక కిడ్నీ జబ్బున్న పిల్లల్లో అధిక రక్తపోటు: చరిత్ర

దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి ఉన్న పిల్లల్లో తరచుగా కనిపించే సమస్య అధిక రక్తపోటు. దెబ్బతిన్న కిడ్నీ రక్తపోటును పెంచుతుంది. పెరిగిన రక్తపోటు మిగిలిన కిడ్నీని ఇంకాస్త దెబ్బతీస్తుంది. ఈ విషవలయం గురించి వైద్యులకు పంతొమ్మిదో శతాబ్దం నుంచే అనుమానం ఉంది. అయినా పిల్లల బీపీని ఎంతవరకు దించాలన్న ప్రశ్నకు గట్టి ఆధారమున్న జవాబు 2009లో గాని దొరకలేదు. ఈ జాప్యానికి మందుల కొరత కంటే కొలతలోని లోపమే పెద్ద కారణం. పెద్దల పట్టీతో కొలిచి, పెద్దల అంకెతో పోల్చినంత కాలం పిల్లల బీపీ వైద్యుల కన్నుగప్పుతూనే వచ్చింది.

కారణాలు

పెద్దల్లో కిడ్నీలు పాడవడానికి మధుమేహం, అధిక రక్తపోటు ముఖ్య కారణాలు. పిల్లల్లో అలా కాదు. వారిలో దాదాపు సగం మందికి కిడ్నీల్లోనో మూత్రనాళాల్లోనో పుట్టుకతో వచ్చిన లోపాలుంటాయి. కిడ్నీ సరిగ్గా ఎదగకపోవడం, మగపిల్లల్లో మూత్రమార్గానికి కవాటం అడ్డుపడడం, మూత్రం వెనక్కి ఎగదన్ని కిడ్నీ మీద మచ్చలు పడడం ఇలాంటివే. రక్తాన్ని వడగట్టే గ్లోమెరులస్‌ల జబ్బులు మరో ముఖ్యమైన తెగ. బీపీ ఎక్కువగా కనిపించేది ఈ రెండో తెగ పిల్లల్లోనే.

కిడ్నీ జబ్బులో బీపీ పెరగడానికి ప్రధానంగా రెండు దారులున్నాయి. ఒకటి, ఉప్పూ నీరూ బయటికి పోక ఒంట్లో నిలిచిపోవడం. రెండు, రక్తప్రసారం తగ్గిన కిడ్నీ భాగాలు రెనిన్ అనే పదార్థాన్ని విడుదల చేయడం, దాని ద్వారా తయారైన యాంజియోటెన్సిన్ రక్తనాళాలను బిగించడం. అయితే కిడ్నీ సరిగ్గా ఎదగని పిల్లల్లో కొందరికి ఉప్పు నిలవదు, మూత్రంలో పోతూ ఉంటుంది. ఆవకాయ, అప్పడం, వడియాలు మానేయమన్న సలహా గ్లోమెరులస్ జబ్బున్న పిల్లవాడికి మేలు చేస్తుంది. ఉప్పు పోగొట్టుకునే పిల్లవాడికి మాత్రం వైద్యులు అదనంగా ఉప్పు ఇవ్వవలసి వస్తుంది.

బ్రైట్, మొహమ్మద్

లండన్‌లోని గైస్ ఆసుపత్రి వైద్యుడు రిచర్డ్ బ్రైట్ 1827లో ఒంటి వాపునూ, మూత్రంలో పోయే ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌నూ, పాడైన కిడ్నీలనూ ఒకే జబ్బు కింద ముడిపెట్టాడు. అలాంటి రోగుల్లో గుండె ఎడమ జఠరిక మందమై ఉండడాన్ని 1836లో రాశాడు. నాడి మీద చెయ్యి వేసి అంచనా కట్టడం తప్ప అప్పటికి మనుషుల రక్తపోటును కొలిచే సాధనమేదీ వాడుకలో లేదు.

తర్వాతి అడుగు అదే ఆసుపత్రికి చెందిన ఫ్రెడరిక్ అక్బర్ మొహమ్మద్‌ది (1849–1884). ఇతని తాత పట్నాలో పుట్టి, ఇంగ్లండులో స్థిరపడి, 1810లో లండన్‌లో భారతీయ భోజనశాల తెరిచిన షేక్ దీన్ మొహమ్మద్. విద్యార్థిగా ఉండగానే ఫ్రెడరిక్, నాడి కదలికను కాగితం మీద గీతగా గీసే స్ఫిగ్మోగ్రాఫ్‌ను మెరుగుపరిచాడు. స్కార్లెట్ జ్వరం ఆ రోజుల్లో ముఖ్యంగా పిల్లల జబ్బు. అది తగ్గాక కొందరికి కిడ్నీలు వాచేవి. ఆ జ్వరం నుంచి కోలుకుంటున్నవారి నాడిని గీయించి చూస్తే, మూత్రంలో ఆల్బుమిన్ కనబడకముందే నాడి బిగువెక్కుతున్నట్టు తేలింది. ఈ సంగతిని అతను 1874లో ప్రచురించాడు. జబ్బు బయటపడే లోపలే రక్తపోటు పెరగవచ్చన్న ఆలోచనకు ఇది తొలి ఆధారాల్లో ఒకటి. మొహమ్మద్ ముప్పై అయిదేళ్లకే టైఫాయిడ్‌తో చనిపోయాడు.

పట్టీ వెడల్పు

ఇటలీ వైద్యుడు రివా-రోచీ 1896లో చేతికి గాలిపట్టీ చుట్టి పాదరసపు మట్టంతో రక్తపోటు కొలిచే పరికరాన్ని చేశాడు. 1905లో రష్యా వైద్యుడు కొరొత్కోవ్ స్టెతస్కోప్‌తో ధమని చప్పుళ్లు విని పై అంకెనూ కింది అంకెనూ పట్టే పద్ధతి చెప్పాడు. రివా-రోచీ పట్టీ మరీ ఇరుకైనదనీ, దానివల్ల ఉన్నదానికంటే ఎక్కువ అంకె వస్తోందనీ 1901లోనే ఫాన్ రెక్లింగ్‌హౌసెన్ చూపించాడు.

ఈ లెక్క పిల్లల దగ్గరికి వచ్చేసరికి ప్రాణమంత ముఖ్యం. పట్టీలోని గాలిసంచి వెడల్పు మోచేతిపై భాగపు చుట్టుకొలతలో కనీసం 40 శాతం, పొడవు 80 నుంచి 100 శాతం ఉండాలని నేటి నియమం. మూడేళ్ల బిడ్డకు పెద్దల పట్టీ చుడితే అసలు కంటే తక్కువ అంకె వస్తుంది, ఉన్న జబ్బు దాగిపోతుంది. ఒళ్లు చేసిన పిల్లవాడికి ఇరుకు పట్టీ బిగిస్తే లేని జబ్బు కనిపిస్తుంది. ఏడుస్తున్న బిడ్డకు తీసిన అంకెను లెక్కలోకి తీసుకోరు. మూడు నుంచి అయిదు నిమిషాలు కుదురుగా కూర్చున్నాక, కుడిచేతికి, గుండె ఎత్తులో కొలవాలి.

కిడ్నీ తీసివేత

1898లో స్టాక్‌హోమ్‌లో టిగెర్‌స్టెట్, బెర్గ్‌మన్‌లు కుందేలు కిడ్నీ సారంలో రక్తపోటు పెంచే పదార్థాన్ని గుర్తించి రెనిన్ అని పేరు పెట్టారు. చాలాకాలం దాన్నెవరూ పట్టించుకోలేదు. 1934లో హ్యారీ గోల్డ్‌బ్లాట్ కుక్కల కిడ్నీ ధమనిని బిగించి రక్తపోటు పెరిగేలా చేసి చూపించాక మళ్లీ కదలిక వచ్చింది.

మనుషుల్లో తొలి నిదర్శనాలు పిల్లల నుంచే వచ్చాయి. ఇన్‌ఫెక్షన్లతో ఒక కిడ్నీ పాడైన పిల్లల్లో ఆ కిడ్నీ తీసేస్తే రక్తపోటు దిగినట్టు అమెరికాలో ఆలన్ బట్లర్ 1937లో రాశాడు. మరుసటి ఏడాది లెడ్‌బెటర్, బర్క్‌లండ్‌లు అయిదున్నరేళ్ల అబ్బాయి కథ ప్రచురించారు. అతనికి ఒక కిడ్నీ ఉండవలసిన చోట కాక కటిభాగంలో ఉంది. దాన్ని తీసేయగానే రక్తపోటు మామూలు స్థితికి వచ్చింది.

ఈ విజయాలు చూసి పెద్దల్లోనూ కిడ్నీలు తీసేయడం జోరందుకుంది. 1956లో హోమర్ స్మిత్ అలాంటి 575 శస్త్రచికిత్సలను లెక్కగడితే, నయమైనవారు నాలుగో వంతు మాత్రమేనని తేలింది. లోపం ఒకే కిడ్నీలో ఉన్నట్టు రుజువైతేనే కత్తి పట్టాలన్న జాగ్రత్త అప్పటి నుంచి బలపడింది.

ఆహారం నుంచి మాత్రలకు

1940లలో డ్యూక్ విశ్వవిద్యాలయ వైద్యుడు వాల్టర్ కెంప్నర్ ఉప్పు లేని అన్నం, పండ్లు, చక్కెరలతో కిడ్నీ జబ్బునూ తీవ్రమైన రక్తపోటునూ అదుపు చేయవచ్చని చూపాడు. ఫలితం బాగున్నా ఆ పథ్యం నిలబెట్టుకోవడం కష్టమైంది. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ సర్పగంధ వేరు రక్తపోటును తగ్గిస్తుందని బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ప్రచురించాడు. ఆ మొక్క నుంచి వచ్చిన రిసర్పిన్ ప్రపంచమంతటా వాడుకలోకి వచ్చింది. 1950లలో హైడ్రాలజీన్, థయాజైడ్ మాత్రలు, 1960లలో ప్రొప్రనొలాల్ వచ్చాయి.

కిడ్నీ జబ్బుకు సరిగ్గా సరిపోయిన మందు బ్రెజిల్ రక్తపింజర జాతి పాము విషం మీద జరిగిన పరిశోధనలోంచి పుట్టింది. స్క్విబ్ కంపెనీలో కుష్‌మన్, ఒండెట్టిలు రూపొందించిన కాప్టోప్రిల్‌కు అమెరికాలో 1981లో అనుమతి లభించింది. యాంజియోటెన్సిన్ తయారీకి అడ్డుపడే ఈ కోవ మందులు రక్తపోటుతో పాటు మూత్రంలో ప్రొటీన్ పోవడాన్నీ తగ్గిస్తాయి. పిల్లలకు మాత్రం చాలాకాలం పెద్దల మోతాదును బరువును బట్టి కుదించి, మాత్ర చిదిపి ఇవ్వడమే జరిగింది. 1997లో అమెరికా చట్టం, పిల్లల మీద పరీక్షలు చేసే కంపెనీలకు ఆరు నెలల అదనపు గుత్తహక్కు ఇచ్చాకే ఆ వయసుకు తగిన పరీక్షలు ఊపందుకున్నాయి.

పిల్లలకు వేరే కొలబద్ద

పెద్దలకు 140/90 అన్న గీత దశాబ్దాలుగా ఉంది. పసివాళ్లకు అలాంటి ఒక్క అంకె కుదరదు, వయసుతో పాటు బీపీ కూడా పెరుగుతుంది. అందుకే అమెరికాలో ఏర్పాటైన నిపుణుల బృందం 1977లో పర్సెంటైల్ పట్టికలు ప్రకటించింది. నూటికి 95 మంది పిల్లల బీపీ ఏ అంకె లోపల ఉంటుందో ఆ అంకెను హద్దుగా పెట్టారు. 1987 నాటి రెండో నివేదిక 70,000 మందికి పైగా పిల్లల కొలతల మీద ఆధారపడింది. కింది అంకెకు పన్నెండేళ్ల వరకు చప్పుడు మందగించే చోటును తీసుకోవాలని అది చెప్పింది. 1996 నివేదిక దాన్ని మార్చి, చప్పుడు ఆగిపోయే చోటునే అందరికీ ఖాయం చేసింది, ఎత్తును కూడా లెక్కలోకి తెచ్చింది. 2004లో నాలుగో నివేదిక వచ్చింది. 2017లో అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ అధిక బరువున్న పిల్లల కొలతలను తీసేసి పట్టికలు మళ్లీ కట్టడంతో హద్దులు కొంత కిందికి దిగాయి. ఆ లెక్కన అయిదేళ్ల అబ్బాయికి 103/63 వస్తే మరింత పరీక్ష అవసరం. ఒక పెద్దమనిషిలో ఇదే అంకెను చూసి ఎవరూ కంగారుపడరు.

24 గంటల కొలత

ఆసుపత్రిలో తీసిన ఒక్క కొలత సరిపోదని తేల్చింది ఒంటికి తగిలించుకునే యంత్రం. పట్టీని చేతికి చుట్టి, చిన్న పెట్టెను నడుముకు కట్టి పిల్లవాణ్ని ఇంటికి పంపుతారు. అది పగలు పదిహేను, ఇరవై నిమిషాలకోసారి, రాత్రి నిద్రలో కూడా అంతకంటే కొంచెం ఎడంగా బీపీ తీస్తుంది. మామూలుగా నిద్రలో బీపీ దిగాలి. కిడ్నీ జబ్బున్న పిల్లల్లో చాలామందికి దిగదు.

అమెరికా, కెనడాలలో 2005 నుంచి పిల్లలను చేర్చుకున్న సీకేఐడీ అధ్యయనంలో మొదట చేరిన 432 మందిలో 54 శాతానికి అధిక రక్తపోటు ఉన్నట్టో, దానికి మందులు వాడుతున్నట్టో తేలింది. 24 గంటల కొలతలు తీసిన పిల్లల్లో 38 శాతానికి క్లినిక్‌లో బీపీ మామూలుగానే ఉండి, బయట ఎక్కువగా ఉంది. ఇలా దాగిన రక్తపోటు ఉన్నవారిలో అయిదింట ఒకరికి అప్పటికే గుండె గోడ మందమైంది.

ఎస్కేప్ అధ్యయనం, ఆ తరువాత

జర్మనీలోని హైడెల్‌బర్గ్ నుంచి ఎల్కే వ్యూల్, ఫ్రాంజ్ షేఫర్‌ల బృందం నడిపిన ఎస్కేప్ అధ్యయనం 2009లో వెలువడింది. యూరప్‌లోని 33 కేంద్రాల్లో 3 నుంచి 18 ఏళ్ల పిల్లలు 385 మందికి రామిప్రిల్ ఇచ్చారు. సగం మందికి 24 గంటల సగటు బీపీని 50వ పర్సెంటైల్ లోపలికి దించేందుకు ఇతర మందులూ కలిపారు. మిగతావారికి 50కీ 95కీ మధ్య ఉంచారు. అయిదేళ్లలో కిడ్నీ పనితీరు సగానికి పడిపోవడమో, పూర్తిగా విఫలమవడమో జరిగినవారు మొదటి జట్టులో 29.9 శాతం, రెండో జట్టులో 41.7 శాతం. మూత్రంలో ప్రొటీన్ మొదట తగ్గినా, బీపీ అదుపులో ఉండగానే క్రమంగా మళ్లీ పెరిగింది. మందు ఒక్కటే చాలదు, బీపీని ఎంతవరకు దించామన్నదీ ముఖ్యమేనని ఈ ఫలితం చెప్పింది. 2017 అమెరికా మార్గదర్శకాలూ, 2021 నాటి అంతర్జాతీయ కేడీఐజీఓ మార్గదర్శకాలూ ఈ లక్ష్యాన్నే స్వీకరించాయి.

2023లో వెలువడిన బ్రిటన్ హాట్-కిడ్ అధ్యయనం 124 మంది పిల్లల్లో, క్లినిక్‌లో తీసిన పై అంకెను 40వ పర్సెంటైల్ లోపలికి దించి చూసింది. 50–75 మధ్య ఉంచిన పిల్లలతో పోలిస్తే గుండె ద్రవ్యరాశిలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

భారతదేశంలో

భారత పిల్లల కిడ్నీ వైద్యుల బృందం 2007లో పిల్లల రక్తపోటు గుర్తింపు, చికిత్సలపై మార్గదర్శకాలను ఇండియన్ పీడియాట్రిక్స్ పత్రికలో ప్రకటించింది. తెలుగునాట కిడ్నీ జబ్బు అనగానే శ్రీకాకుళం జిల్లా ఉద్దానం గుర్తొస్తుంది. అక్కడిది ప్రధానంగా పెద్దల జబ్బు, దాని కారణం ఇంకా తేలలేదు. పుట్టుకతో వచ్చే లోపాలతో మొదలయ్యే పిల్లల జబ్బు దానికి భిన్నమైనది.

24 గంటల యంత్రం అందుబాటులో లేనిచోట ఏం చేయాలో 2021 నాటి కేడీఐజీఓ మార్గదర్శకాలు చెప్పాయి. సరైన పట్టీతో, స్టెతస్కోప్‌తో, పద్ధతి ప్రకారం తీసిన పై అంకెను 50–75 పర్సెంటైల్ మధ్య ఉంచాలి. మూడు నుంచి ఆరు నెలలకోసారి ఇలా కొలవాలి, యంత్రం ఉంటే ఏడాదికోసారి దాన్నీ కట్టాలి. ఖరీదైన యంత్రం లేని జిల్లా ఆసుపత్రిలోనైనా మూడు నాలుగు సైజుల పట్టీలూ, గోడ మీద ఒక పర్సెంటైల్ పట్టికా ఉంటే ఈ పని మొదలుపెట్టవచ్చు.